జపాన్‌లో చిన్న ఏఐ చిప్ కంపెనీకి చోటెక్కడ? రాపిడస్‌లోనా, కుమామొతోలోనా, ఫ్యాక్టరీల్లోనా?

ఎడ్జ్_సిలికాన్ అడిగిన ప్రశ్న:
మాది కెమెరా తనిఖీకి వాడే ఎడ్జ్ ఇన్ఫరెన్స్ చిప్ (ఏఐ మోడల్‌ను క్లౌడ్‌లో కాకుండా యంత్రం దగ్గరే నడిపేది). 12 నానోమీటర్లు, డై (సిలికాన్ ముక్క) 8×8 మిల్లీమీటర్లు, 8 వాట్లు. మొత్తం 20 మందిమి. మొదటి రెండేళ్లు ఏడాదికి 2–3 వేల చిప్‌లు పోతే గొప్పే. జపాన్ ప్రభుత్వం ఈ రంగంలో డబ్బు గుమ్మరిస్తోంది కదా, తర్వాతి చిప్ రాపిడస్‌లో (జపాన్ కొత్త చిప్ తయారీ కంపెనీ) 2 నానోమీటర్లకు వేసుకోవచ్చా? లేదా కుమామొతోలోని టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీలో చేయించాలా?

టేపౌట్_తాత:
2 నానోమీటర్ల మాట పక్కన పెట్టండి. రాపిడస్ పుట్టిందే 2022 ఆగస్టులో. హొక్కైడోలోని చితోసేలో పైలట్ లైన్ 2025 ఏప్రిల్‌లో కదిలింది, భారీ ఉత్పత్తికి పెట్టుకున్న గడువు 2027. అంత కొత్త ప్రాసెస్‌లో మెమరీ ఇంటర్‌ఫేస్, పీసీఐఈ లాంటి ఐపీ బ్లాకులు (బయట కొనుక్కునే సిద్ధ డిజైన్లు) సిలికాన్ మీద రుజువై దొరకాలి. దొరికినా వాటి లైసెన్సు, మాస్కుల (డిజైన్‌ను వేఫర్ మీద ముద్రించే అచ్చులు) ఖర్చు 2–3 వేల చిప్‌ల మీద తేలదు.

కుమామొతోలోని జాస్మ్‌లో (ఆ టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీ నడిపే కంపెనీ) 28/22, 16/12 నానోమీటర్లు నడుస్తాయి, కాగితం మీద మీకు సరిపోతుంది. కానీ లెక్క వేయండి. 300 మిల్లీమీటర్ల వేఫర్ మీద మీ డైలు అంచులు పోగా సుమారు 1000. 25 వేఫర్ల లాట్ అంటే 25 వేల డైలు. చెడిపోయేవి (ఈల్డ్ నష్టం) తీసేసినా మీకు ఏడెనిమిదేళ్ల సరుకు! ఆ పరిమాణంలో ఫ్యాబ్ (చిప్ ఫ్యాక్టరీ) మీతో నేరుగా మాట్లాడదు, అగ్రిగేటర్ (చిన్న కంపెనీల ఆర్డర్లు చూసే మధ్యవర్తి) ద్వారానే వెళ్లాలి. ముందు షటిల్‌లో (పలు కంపెనీలు ఒకే వేఫర్ పంచుకునే రన్) నమూనాలు తీసుకోండి. ఒక్క సంగతి: షటిల్ మాస్కుల్లో పక్క కంపెనీల డిజైన్లూ ఉంటాయి, వాటితో ఉత్పత్తి ఆర్డర్ పెట్టలేరు. పూర్తి మాస్క్ సెట్ ఖర్చు ఎలాగూ తప్పదు. బడ్జెట్లో అందరూ మర్చిపోయేది ఇదే.

ఐఎన్‌టీ8_పిచ్చోడు:
తాతగారి లెక్క ఖాయం. అసలు అవకాశం ఫ్యాబ్‌లో కాదు, తనిఖీ యంత్రాలు చేసే కంపెనీల్లో ఉంది. వాళ్లకు విడి చిప్ అమ్మకండి, ఎం.2 మాడ్యూల్ (పీసీ స్లాట్‌లో గుచ్చే చిన్న కార్డు) ఇవ్వండి. మాక్నికా లాంటి ట్రేడింగ్ కంపెనీ సరుకు నిల్వ పెడుతుంది, అరువు భరిస్తుంది, జపనీస్‌లో మొదటి ప్రశ్నలకు జవాబిస్తుంది. ఆ మార్జిన్‌ను ధరలో ముందే కలపండి.

కస్టమర్ మీ చిప్‌ను పరీక్షించి చూసే మూల్యాంకనం ఎక్కువగా రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, లోపాల ఫొటోలు ఫ్యాక్టరీ గడప దాటవు. కంపైలర్, క్వాంటైజర్ (మోడల్ సంఖ్యల్ని తక్కువ బిట్లకు కుదించే టూల్) ఇంటర్నెట్ లేని పీసీలో నడవాలి. ఇంటర్నెట్‌లో లైసెన్స్ సర్వర్‌ను అడిగే టూల్ ఇస్తే మొదటి రోజే ఆట ముగుస్తుంది. రెండు, క్యాలిబ్రేషన్ (కుదించేటప్పుడు విలువల పరిధిని నమూనా ఫొటోలతో తేల్చడం). లైన్ మీద మంచి ముక్కల ఫొటోలే గుట్టలుగా ఉంటాయి కాబట్టి వాటితోనే 8 బిట్లకు దించుతారు. గీత, పగులు ఉన్నచోట మోడల్ లోపలి యాక్టివేషన్ విలువలు ఆ పరిధి దాటి కత్తిరించుకుపోతాయి. సగటు కచ్చితత్వం బాగానే కనిపిస్తుంది, పట్టాల్సిన లోపమే జారిపోతుంది. క్యాలిబ్రేషన్ సెట్లో లోపాల ఫొటోలు కావాలని కలపండి. అప్పటికీ తేడా ఉంటే చివరి పొరల్ని 16 బిట్లలో ఉంచండి.

ఎడ్జ్_సిలికాన్:
కార్ల కంపెనీలు? వాల్యూమ్ అక్కడే కదా.

క్వాలిటీ_గది:
ముందే అటు పోకండి. ఏఈసీ-క్యూ100లో (కార్ల చిప్‌ల పరీక్షా ప్రమాణం) అధిక ఉష్ణోగ్రత ఆపరేటింగ్ లైఫ్ పరీక్ష ఒక్కదానికే 3 వేర్వేరు లాట్ల నుంచి 77 చొప్పున చిప్‌లు, 1000 గంటలు, ఒక్కటీ పోకూడదు. 3 లాట్లు అన్నాను, పైన తాతగారు చెప్పిన ఒక్క లాట్ లెక్క మళ్లీ చూసుకోండి. దీనికి ఫంక్షనల్ సేఫ్టీ పత్రాలు అదనం.

ఫ్యాక్టరీ యంత్రాలకైనా 10 ఏళ్ల సరఫరా అడుగుతారు. మీ చిప్ దొరుకుతూనే ఉంటుంది, మాడ్యూల్ మీది డీర్యామ్ ముందే ఆగిపోతుంది. రెండు కంపెనీల మెమరీతో నడిచేలా బోర్డు, మెమరీ ట్రైనింగ్ కోడ్ (మెమరీ సిగ్నళ్లను సర్దే ఫర్మ్‌వేర్) మొదటే పరీక్షించి పెట్టండి. మెమరీ, ఫర్మ్‌వేర్, చివరికి ప్యాకింగ్ ట్రే మారినా ముందుగా నోటీసు వెళ్లాలి. ఒక్క ముక్క తిరిగొచ్చినా 8డీ రిపోర్టు (లోపానికి కారణం, చర్యలు రాసే నివేదిక) అడుగుతారు. అందులో 'జాంతేయ్ తైసాకు' అంటే తాత్కాలిక చర్య, 'కోక్యూ తైసాకు' అంటే శాశ్వత చర్య. మొదటిది రోజుల్లో వెళ్లాలి. రెండోదాని కోసం ఆగి మొదటిదీ పంపకపోవడమే బయటివాళ్లు చేసే పెద్ద తప్పు.

యెన్_లెక్క:
సబ్సిడీ కోసమే వెళ్లేవాళ్లకు: నెడో (పరిశోధనకు నిధులిచ్చే జపాన్ ప్రభుత్వ సంస్థ) పథకాలకు జపాన్‌లో నమోదైన సంస్థ కావాలి. గోదో కైషా (ఎల్ఎల్‌సీ లాంటిది) అయితే రిజిస్ట్రేషన్ పన్ను కనీసం 60 వేల యెన్లు, కబుషికి కైషాకు (షేర్ల కంపెనీ) 1.5 లక్షలు. అది చిన్న ఖర్చే. అసలు అడ్డు వీసా: 2025 అక్టోబరు నుంచి బిజినెస్ మేనేజర్ వీసాకు మూలధనం 50 లక్షల నుంచి 3 కోట్ల యెన్లకు పెంచారు, పూర్తికాల ఉద్యోగి ఒకరైనా ఉండాలి. కాబట్టి మనిషిని పంపే ముందు ట్రేడింగ్ కంపెనీతో మూల్యాంకనం మొదలెట్టండి. ఆఫీసు పెట్టే దశకు వస్తే జెట్రో (జపాన్ ప్రభుత్వ వాణిజ్య ప్రోత్సాహక సంస్థ) 50 పనిదినాలు ఉచితంగా గది ఇస్తుంది, దరఖాస్తు ముందే పెట్టాలి.