ఓసీ (నివాసయోగ్య ధ్రువపత్రం) లేని 'బి' ఖాతా అద్దె భవనానికి బ్యాంకు రుణం వస్తుందా?

బెంగళూరు మహదేవపుర ప్రాంతంలో 30×40 స్థలంలో కట్టిన, ఆరు పోర్షన్లున్న ఒక భవనాన్ని అద్దె రాబడి కోసం కొనదలిచాము. ఇటువంటి పెట్టుబడి మాకు ఇదే మొదటిది. అడుగుతున్న ధర 1.9 కోట్లు. నెలకు 96 వేల అద్దె వస్తోంది, అంటే పోర్షన్లు ఖాళీగా ఉండే నెలలు, నీటి ట్యాంకర్లు, ఆస్తి పన్ను తీసివేయకముందు ఏడాదికి సుమారు 6 శాతం.

30 ఏళ్ల ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీయించగా తాకట్టులేవీ కనబడలేదు, హక్కుల వరుస కూడా సక్రమంగానే ఉందని న్యాయవాది చెప్పారు. చిక్కంతా కట్టడంతోనే. డీసీ కన్వర్షన్ (వ్యవసాయ భూమిని ఇతర వాడకానికి మార్చే అనుమతి) అయినా లేఅవుట్‌కు ఆమోదం లేనందున ఈ-ఖాతా (నగరపాలక సంస్థ ఆన్‌లైన్ ఆస్తి రికార్డు) 'బి' వర్గంలో, అంటే నిబంధనలకు పూర్తిగా లోబడని ఆస్తుల జాబితాలో ఉంది. మంజూరైన ప్లాను గానీ ఓసీ గానీ లేవు. మెట్ల కింద కరెంటు మీటర్లు రెండే ఉండగా, తక్కిన పోర్షన్లకు సబ్‌మీటర్లు బిగించారు.

మేము సంప్రదించిన ప్రభుత్వ రంగ బ్యాంకులు ఖాతా చూడగానే నిరాకరించాయి. ఒక ఫైనాన్స్ సంస్థ 11 శాతం వడ్డీకి 1.2 కోట్లు ఇస్తామంది. ఏడాదికి వడ్డీయే 13.2 లక్షలవుతుంది, అద్దె మొత్తం కలిపినా 11.52 లక్షలే. ఆ దారి మాకు ఆమోదయోగ్యం కాదు. అడ్వాన్సు ఇస్తే 'ఎ' ఖాతాగా మార్పించి ఇస్తానని అమ్మకందారు అంటున్నారు, అయితే దానివల్ల ప్లాను లేని లోటు తీరదన్నది మా సందేహం.

ఇటువంటి భవనానికి 'ఎ' ఖాతా వచ్చాక, ఓసీ లేకపోయినా, మీలో ఎవరికైనా ప్రభుత్వ రంగ బ్యాంకు గృహరుణం మంజూరు చేసిందా?