రాజధాని విగ్రహం దగ్గర ఇరుక్కుపోయాను, తెలిసినవాళ్ళు చెప్పండి

కొర్లగుంట కుర్రోడు, రాత్రి 11:40
నాలుగు గంటలుగా ఒకే విగ్రహం ముందు ఉన్నాను. నేల మీద ఒక రాత ఉంది, రహస్యాలను బయటపెట్టేది రిగ్రెషన్ ఒక్కటే అని. రిగ్రెషన్ అంటే తిరోగమనం కదా అని వెనక్కి నడిచాను. అంతకు ముందున్న చోటికి పోయి మళ్ళీ వచ్చాను. కవచం మొత్తం విప్పేసి ఆట మొదట్లో ఉన్నట్టు నిలబడ్డాను. అక్కడే చచ్చి మళ్ళీ లేచి కూడా చూశాను. ఏమీ కాలేదు. మధ్యలో కరెంట్ పోయి పావుగంట చీకట్లో కూర్చున్నా. పొద్దున 8కి డ్యూటీ. ఇది తేలకపోతే నిద్ర పట్టదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

మామిడితోట, 11:44
ఏ గేమ్?

కొర్లగుంట కుర్రోడు, 11:45
ఎల్డెన్ రింగ్ అన్నా. ఆ రాత చెబితే అందరికీ అర్థమైపోతుంది అనుకున్నా.

మామిడితోట, 11:46
ఏ విగ్రహం? ఏ ఊళ్ళో?

కొర్లగుంట కుర్రోడు, 11:48
లేండెల్‌లో. రాజధానిలో రాడగాన్ అనే రాజు పెద్ద విగ్రహం ఉంది కదా, అది.

గుడిమల్లం దారి, 11:57
నాయనా, నాలుగు గంటలు ముందు నిలబడ్డావు సరే, విగ్రహాన్ని చూశావా? మా అబ్బాయి ఈ ఆట ఆడేటప్పుడు పక్కన కూర్చుని మొత్తం చూశాను, అందుకే చెబుతున్నా. ఒకసారి ఏర్పేడు దాటి గుడిమల్లం పోయి పరశురామేశ్వరుడి గుడి చూడు. అక్కడ లింగం మీదే శివుడు నిలబడి ఉంటాడు. కుడిచేతిలో పొట్టేలు, ఎడమచేతిలో చిన్న పాత్ర, భుజం మీద గొడ్డలి, పాదాల కింద పొట్టివాడైన యక్షుడు. పక్కన పేరు రాసిన బోర్డు ఉండదు. చేతిలో ఏముంది, కాళ్ళ కింద ఎవరున్నారు, జుట్టు ఎలా ఉంది అని ఒక్కొక్కటి చూసుకుంటూ పోతేనే శిల్పి ఏం చెప్పాడో తెలుస్తుంది. ఈ ఆట చేసినవాళ్ళూ అదే పద్ధతి పట్టుకున్నారు. రాడగాన్ జుట్టు ఎరుపు. అగ్నిరాక్షసుల జుట్టూ ఎరుపే. తన జుట్టంటే తనకే అసహ్యమని ఆటలో దొరికే ఒక కొరడా వివరణలో ఉంటుంది. ఇక సుత్తి. ఆట పేరులో ఉన్న ఆ ఎల్డెన్ రింగ్‌ను మారికా రాణి పగలగొట్టింది ఒక సుత్తితో, రాడగాన్ అతకబోయింది కూడా ఆ సుత్తితోనే. ఇద్దరికీ ఒకే సుత్తి ఎందుకుంది? ఇద్దరూ ఒకరే కాబట్టి.

మామిడితోట, 11:59
సామీ! ఆ విగ్రహం చెప్పాల్సిన రహస్యమే అది. పిల్లోడు నాలుగు గంటలుగా దానికోసమే కొట్టుకుంటున్నాడు, మీరు ఒక్క వాక్యంలో చెప్పేశారు.

గుడిమల్లం దారి, రాత్రి 12:05
మంచిమాట చెబితే నేరమా? బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు పొద్దున మోహినీ అవతారం అని పంచాంగంలోనే ఉంటుంది. తెలుసు కదా అని ఎవరైనా పోకుండా ఉంటారా? మాడవీధిలో స్వామి ఆడవేషంలో పల్లకీలో వస్తుంటే, పక్కన ఇంకో పల్లకీలో కృష్ణస్వామి వస్తాడు. ఆ మోహిని తన మాయేనని, తాను వేరే కాదని చూపించడానికి. చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే, అయినా పల్లకీ మూల తిరిగి ఆ ముఖం మనవైపు వచ్చేసరికి చేతులు వాటంతటవే లేస్తాయి. మారికా, రాడగాన్‌లది నాకు అలాంటిదే అనిపించింది.

కొర్లగుంట కుర్రోడు, 12:07
పర్లేదు పెద్దాయనా. కానీ విగ్రహం ముందు ఏం చేయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

పదసంచి, 12:14
ముందు తిరోగమనం అన్న మాట పక్కన పెట్టండి, మిమ్మల్ని నాలుగు గంటలు తిప్పింది అదే. తిరోగమనం అంటే వెనక్కి పోవడం, దిగజారడం. ఈ ఆటలో రిగ్రెషన్‌కు వాళ్ళిచ్చిన అర్థం వేరు. అర్థానికి ఉన్న ఆకర్షణ అది, అన్నీ ఎప్పటికీ ఒకచోట కలవాలనే తపిస్తుంటాయి అని రాశారు. దానికి జంటగా కాజాలిటీ ఉంది, అది అన్నిటినీ ఒక గొలుసులా కలిపేది. అంటే కార్యకారణ సంబంధం. మన మాటల్లో చెప్పాలంటే రిగ్రెషన్ అంటే లయ. సృష్టి, స్థితి, లయ అంటాం చూడండి, ఆ లయ. రెండుగా కనిపించేవి వచ్చిన చోటే కలిసిపోవడం. ఈ మాట ముందే దొరికి ఉంటే మీరు కవచం విప్పేవారు కాదు.

మామిడితోట, 12:16
లయ అంటే జనానికి తాళం గుర్తొస్తుంది. ఉపసంహారం అనండి.

పదసంచి, 12:21
ఉపసంహారంలో వెనక్కి తీసుకునేవాడు ఒకడుంటాడు. ఇక్కడ ఎవరూ లాగడం లేదు, వస్తువే తనంతట తాను కలవాలనుకుంటోంది. అందుకే లయ అన్నాను. ఇంకొకటి చూడండి. ఈ ఆటలో ప్రార్థన మంత్రాల్లో చాలావాటికి ఫెయిత్ పాయింట్లు, అంటే భక్తి కావాలి. ఈ రిగ్రెషన్ మంత్రానికి మాత్రం కావాల్సింది ఇంటెలిజెన్స్ పాయింట్లు, అంటే తెలివి. భక్తితో కాదు, చదివి తెలుసుకుంటేనే ఈ రహస్యం తెలుస్తుందని ఆ అంకె దగ్గరే చెప్పేశారు. ఇంత ఆలోచించి పెట్టినవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

అలిపిరి మెట్లు, 12:23
అది మంత్రం పేరు తమ్ముడూ. లా ఆఫ్ రిగ్రెషన్. నీ దగ్గర ఉందా?

కొర్లగుంట కుర్రోడు, 12:26
ఉంది అన్నా! ఎర్డ్‌ట్రీ శాంక్చువరీలో దొరికిన ప్రిన్సిపియా పుస్తకం తాబేలు గురువుకు ఇచ్చి కొన్నాను. కానీ అది ఒంటికి పట్టిన జబ్బులు పోగొట్టే మంత్రం కదా అని పక్కన పడేశా. ఇప్పుడు పెట్టుకుని చూస్తే పడటం లేదు.

అలిపిరి మెట్లు, 12:27
ఇంటెలిజెన్స్ ఎంత?

కొర్లగుంట కుర్రోడు, 12:27
24. కత్తి యోధుడిగా ఆడుతున్నా.

అలిపిరి మెట్లు, 12:28
37 కావాలి.

కొర్లగుంట కుర్రోడు, 12:30
ఇంకా 13 లెవెళ్ళా? పొద్దున్నే డ్యూటీ అన్నా.

అలిపిరి మెట్లు, 12:38
లెవెల్ అక్కర్లేదు. ఇంటెలిజెన్స్ నాట్ టియర్ అనే చుక్క ఉంటే ఫిజిక్ ఫ్లాస్క్ అనే మందు సీసాలో కలుపుకో, 10 పెరుగుతుంది. స్టార్‌గేజర్ హెయిర్‌లూమ్ తాయెత్తు పెట్టుకుంటే 5. మొత్తం 39. మందు 3 నిమిషాలే ఉంటుంది, కాబట్టి విగ్రహం ముందు రాత దగ్గరికి పోయాకే తాగు. తాయెత్తు లేకపోతే ట్విన్‌సేజ్ కిరీటానికి 6 వస్తుంది. ఇవేవీ లేకపోతే రెన్నాలా రాణి దగ్గర లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి ఖర్చుపెట్టి పాయింట్లు మార్చుకో. చేతిలో మంత్రాలు వేసే సీల్ ఉండాలి, కత్తితో మంత్రం పడదు. ఇంతకీ మాలికెత్ అనే బాస్‌ని చంపలేదు కదా? చంపితే నగరం బూడిద అవుతుంది, ఇక ఆ విగ్రహం దగ్గరికి పోలేవు.

కొర్లగుంట కుర్రోడు, 12:40
లేదు లేదు. ఇంకా అంతదూరం పోలేదు. టెన్షన్ పెట్టకన్నా. మందూ తాయెత్తూ రెండూ ఉన్నాయి.

మామిడితోట, 12:49
పెద్దాయన మోహిని అన్నారు గానీ నేను ఒప్పుకోను. స్వామి కావాలని వేసిన వేషం అది. పని అయ్యాక మళ్ళీ స్వామే. వీళ్ళిద్దరిదీ అలా కాదు. ఒకే ఒంట్లో ఒకరు పగలగొడతారు, ఇంకొకరు అతుకుతారు. నువ్వింకా నేను కాలేదు, ఇంకా దేవుడివి కాలేదు అని మారికా రాడగాన్‌తో అన్న మాటలు రాజధానిలో మనకు తోడుగా వచ్చే మెలీనా చెబుతుంది. తనలో సగాన్ని పట్టుకుని అంతమాట ఎవరంటారు?

గుడిమల్లం దారి, 12:58
మరి అర్ధనారీశ్వరుడు అనుకో.

పదసంచి, 1:03
అదీ కుదరదు. అర్ధనారీశ్వరుడిలో మధ్య గీత దగ్గర గొడవ లేదు. ఒక చెవికి ఒకలాంటి కుండలం, రెండో చెవికి ఇంకోలాంటిది, అయినా నిలబడిన తీరు ఒక్కటే. అక్కడ సామరస్యం ఉంది. రాడగాన్ ఒళ్ళు ఎక్కడ చూసినా పగుళ్ళే. లయ కావాలని తపించే ధర్మాన్ని నమ్ముకున్నవాడే లోపల కలవలేకపోయాడు. నాకు ఆ ఆటలో గుండె పట్టేసిన చోటు అదే. మొదటి భార్య రెన్నాలాను వదిలి రాజధానికి వచ్చి మారికాకు రెండో భర్త అయ్యాడు. ఇది తెలిశాక ఆ పెళ్ళి గురించి మళ్ళీ మొదట్నుంచి ఆలోచించాల్సి వస్తుంది. పాపం, రెన్నాలా అతనిచ్చిన గుడ్డును ఇంకా ఒళ్ళో పెట్టుకునే ఉంటుంది.

మామిడితోట, 1:06
ఆవిడ సంగతి తలుచుకుంటే నాకూ బాధగానే ఉంటుంది. కానీ లయ మాత్రం ఒప్పుకోను.

పదసంచి, 1:09
ఇంకో మాట చెప్పండి, మార్చుకుంటాను.

మామిడితోట, 1:15
ఐక్యం?

పదసంచి, 1:19
ఐక్యం కలిసిపోయాక ఉండే స్థితి. మనకు కావాల్సింది కలవాలనే లాగుడు. ఆలోచిస్తాను.

కొర్లగుంట కుర్రోడు, 1:31
అయింది. మంత్రం వేయగానే విగ్రహం మారిపోయింది, కింద రాత వచ్చింది. థ్యాంక్స్ అన్నా. పడుకుంటున్నా.

అలిపిరి మెట్లు, 1:33
పోయి ఆటలో ఉండే గోల్డ్‌మాస్క్ అనే పండితుడికి ఈ రహస్యం చెప్పు. చెప్పకపోతే ఆయన కథ అక్కడే ఆగిపోతుంది.

గుడిమల్లం దారి, 1:40
మారేటప్పుడు ముఖం చూశావా నాయనా? ముందు ముఖం మారిందా, చేతులా?