అప్‌డేట్: ఎడమ మలుపుకు విడి గీత గీయాలా?

కూడలి దగ్గర ఎడమకు తిరిగే లేన్‌ను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ పటం) వేరే గీతగా గీయాలా అని అడిగాను కదా. మధ్యలో దిమ్మె లాంటి అడ్డు నిజంగా ఉంటేనే విడిగా గీయాలి, ఉత్త చార అయితే వద్దు అన్నారు మీరు. అందుకే మళ్లీ వెళ్లి చూశాను. ఉత్తరం వైపు కాంక్రీటు దిమ్మె ఉంది, పైన ఒక పూలకుండీ కూడా! అక్కడ గీతను విడిగానే ఉంచి లింకు రోడ్డుగా (రెండు రోడ్లను కలిపే చిన్న దారి) గుర్తించాను. దక్షిణం వైపు ఉన్నది తెల్ల చార మాత్రమే, అదీ సగం చెరిగిపోయింది. నేను గీసిన గీత తీసేశాను. రోడ్డు మీద బాణాలు మొదలయ్యే చోట పటంలో రోడ్డు గీతను విడగొట్టి, ఏ లేన్ ఎటు వెళ్తుందో చెప్పే ‘టర్న్:లేన్స్’ ట్యాగులో ‘లెఫ్ట్|త్రూ|రైట్’ (ఎడమ, నేరుగా, కుడి) అని ఇచ్చాను. మొదట తిరగేసి రాశాను లెండి; బండి నడిపేవారి ఎడమ నుంచి లెక్కపెట్టాలని తర్వాత తట్టింది. యూ టర్న్ నిషేధానికి రిలేషన్ (ఏ గీత నుంచి ఏ గీతకు తిరగకూడదో చెప్పే నమోదు) ఇంకా పెట్టలేదు. ఆదివారం చూస్తాను.