స్టీరింగ్ డ్యాంపర్ బిగించినా హ్యాండిల్ కొట్టుకుంటోంది, ఎన్ని క్లిక్‌ల మీద పెట్టాలి?

నల్లబండి
రాత్రి నుంచి దీంతోనే కూర్చున్నాను, నిద్ర కూడా లేదు. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (హ్యాండిల్ వణుకును అణిచే పరికరం) బిగించాను. అయినా స్పీడ్‌లో ఉండి థ్రాటిల్ వదిలితే 90కి 80కి మధ్య హ్యాండిల్ టకటకమని కొట్టుకుంటోంది. దాని నాబ్ తిప్పి క్లిక్‌లు పెంచితే కొంచెం తగ్గుతోంది. కానీ అప్పుడు యూ టర్న్ తిప్పాలంటే చేతులు పడిపోతున్నాయి, ట్రాఫిక్‌లో మెల్లగా వెళ్తుంటే బండి అటూ ఇటూ తూలుతోంది. తగ్గిస్తే మళ్లీ మొదటికే వస్తోంది. వీడియోల్లో ఒకాయన ఐదు అంటాడు, ఇంకొకాయన పది అంటాడు. రోడ్డు మీద అసలు ఎన్ని క్లిక్‌లు ఉండాలో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే (సొంత బండి ట్రాక్ మీద నడుపుకునే రోజు) ఉంది, డబ్బు కూడా కట్టేశాను. చాలా టెన్షన్‌గా ఉంది. సస్పెన్షన్ ఆల్రెడీ అప్‌గ్రేడ్ చేయించాను, కాబట్టి ప్రాబ్లం అందులో లేదు.

బెజవాడ 390
ఏ బండి? ఏ రకం డ్యాంపర్? ఫొటో పెట్టు.

ఖమ్మం రైడర్
బ్రదర్, క్లిక్‌ల సంగతి తర్వాత. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకసారి చదవండి. తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో 182ఏ వచ్చింది. చట్టం ఒప్పుకోని మార్పు చేయించిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఇలాంటివే అడ్డం పడతాయి. ట్రాక్ బండి వేరు, రోడ్డు బండి వేరు. ఇది భయపెట్టడానికి కాదు, తెలిసి చేయండి అని చెబుతున్నాను.

నల్లబండి
కేటీఎం ఆర్‌సీ 390, 2018 మోడల్. డ్యాంపర్ లీనియర్ టైపు, రాడ్ ఉంటుంది కదా అది. ఫొటో సాయంత్రం పెడతాను. చట్టం గురించి నేను అడగలేదండీ.

బెజవాడ 390
రిజిస్ట్రేషన్ కాగితంలో డ్యాంపర్ ఊసే ఉండదు. ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, రంగు, సీట్లు, ఇలాంటివి ఉంటాయి. అనవసరంగా కంగారు పెట్టకండి.

ఖమ్మం రైడర్
తయారీదారు స్పెసిఫికేషన్ అని కోర్టు అన్నది. రోడ్డు మీద ఆపిన అధికారికి మీరు వివరించుకోగలిగితే మంచిదే.

ఆయిల్ సీల్
సస్పెన్షన్ అప్‌గ్రేడ్ అన్నారు, ఫోర్క్ ఆయిల్ మార్చారా? మారిస్తే ఏది పోశారు? డబ్బా మీద 10డబ్ల్యూ అని చూసి పోసేస్తారు చాలామంది. ఫోర్క్ ఆయిల్ విషయంలో ఆ అంకెను నమ్మకూడదు. ఒక కంపెనీ 10డబ్ల్యూ ఇంకో కంపెనీ 5డబ్ల్యూ అంత పల్చగా ఉండొచ్చు. చూడాల్సింది 40 డిగ్రీల దగ్గర చిక్కదనం, సెంటీస్టోక్స్‌లో. డేటా షీట్‌లో ఉంటుంది. ఇంకోటి, ఎన్ని మిల్లీలీటర్లు పోశామన్నది సరిపోదు. స్ప్రింగ్ తీసి, ఫోర్కును పూర్తిగా కిందికి నొక్కి, పై అంచు నుంచి ఆయిల్ దాకా ఎంత ఖాళీ ఉందో స్కేలు పెట్టి కొలవాలి. రెండు ఫోర్కుల్లో ఒకేలా ఉండాలి. పైన మిగిలిన ఆ గాలి కూడా స్ప్రింగ్‌లాగే పని చేస్తుంది, గట్టి బ్రేకింగ్‌లో ఫోర్కు అడుగుదాకా కూలకుండా చివర్లో ఆదుకునేది అదే. మన దగ్గర గ్యారేజీల్లో దీన్ని కొలిచేవాళ్లు తక్కువ, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నల్లబండి
ఆయిల్ మార్చలేదు సార్. ముందు ఫోర్కులు స్టాకే. వెనక షాక్ కొత్తది వేయించాను, అడ్జస్టబుల్. నా బరువుకు గట్టిగా ఉండాలని ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగింపు) ఫుల్ చేయించాను. ఇప్పటికైనా ఎవరైనా క్లిక్‌లు ఎన్నో చెబుతారా?

పాత పానా
తమ్ముడూ, క్లిక్‌ల లెక్క పక్కన పెట్టు. ముందు డ్యాంపర్ విప్పేసెయ్. హ్యాండిల్ కొట్టుకునే బండికి డ్యాంపర్ బిగించడమంటే జ్వరానికి మాత్ర మింగి ఊరుకున్నట్టే, లోపల ఏముందో తెలియదు.

విప్పాక ముందు చక్రం పైకి లేపు. మామూలు ఫ్రంట్ స్టాండ్ ఫోర్కు అడుగులు పట్టుకుంటుంది, అది వద్దు. కింది టీ (రెండు ఫోర్కులను కలిపి పట్టుకునే ముక్క) దగ్గర పిన్ పెట్టి లేపే స్టాండ్ కావాలి. ఇప్పుడు రెండు వేళ్లతో హ్యాండిల్‌ను మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పు. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి చిన్న గుంటలో పడి ఆగినట్టు అనిపించిందంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. బేరింగ్ పట్టాల మీద గుంటలు పడ్డాయన్నమాట. దాన్ని ఎంత బిగించినా బాగుపడదు, మార్చాల్సిందే. తర్వాత కింద కూర్చుని రెండు ఫోర్కుల అడుగులు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగు. టక్ అంటే వదులు. తిప్పడానికే బలం కావాలంటే మరీ బిగించారు. మరీ బిగిస్తే మెల్లగా వెళ్లేటప్పుడు బండి తూలుతుంది, నువ్వు చెప్పిన తూలుడు డ్యాంపర్ వల్లేనా, దీని వల్లా అన్నది డ్యాంపర్ ఉండగా తేలదు.

ఇవి కూడా చెప్పు. గాలి ఎంత? ముందు టైరు ఎప్పటిది, చేత్తో రుద్దితే మెట్లు మెట్లుగా తగులుతోందా? వీల్ బ్యాలెన్సింగ్ చేయించావా? నీ బరువెంత?

నల్లబండి
థాంక్స్ అన్నా, ఒక్కరైనా సూటిగా చెప్పారు. బరువు 94. గాలి రెండింట్లో 36. టైర్లు బాగానే ఉన్నాయి, గ్రిప్ ఉంది. బ్యాలెన్సింగ్ తెలీదు. కోన్‌సెట్ గ్యారేజీలో బిగించారు, బాగుందన్నారు.

బెజవాడ 390
ఇద్దరికి, లగేజీకి కూడా 36 ఎక్కువే. స్వింగ్‌ఆర్మ్ స్టిక్కర్ చూడు. ప్రీలోడ్ పెంచితే గట్టిపడదు.

కోదాడ కుర్రాడు
గట్టిపడకపోవడం ఏంటి బ్రో? నా బండికి నేనే పెంచాను. కూర్చుంటేనే తేడా తెలుస్తుంది.

బెజవాడ 390
అది గట్టిదనం కాదు, ఎత్తు.

ఆయిల్ సీల్
ఇద్దరూ చెబుతున్నదాంట్లో నిజం ఉంది. ఒక మిల్లీమీటరు నొక్కడానికి పది కేజీలు కావాల్సిన స్ప్రింగ్ ఉందనుకోండి. నట్టు ఎంత బిగించినా ఇంకో మిల్లీమీటరుకు ఇంకో పది కేజీలే కావాలి, స్ప్రింగ్ మారలేదు కదా. బిగించడం వల్ల బండి పైకి లేస్తుంది అంతే. కానీ ఫుల్‌గా బిగిస్తే ఆ ముందస్తు ఒత్తిడి దాటేదాకా షాక్ అసలు కదలదు, అందుకని కూర్చున్నప్పుడు గట్టిగా అనిపిస్తుంది. గుంటలో పడినప్పుడు చక్రం కిందికి దిగడానికి జాగా కూడా మిగలదు. 94 కేజీలకు స్ప్రింగ్ చాలకపోతే స్ప్రింగే మార్చాలి.

దీన్ని తేల్చేది సాగ్, అంటే మీరు ఎక్కితే బండి ఎంత దిగుతుందన్నది. ఇంకో ఇద్దరుండాలి. వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నుంచి పైన తోక మీద ఒక గుర్తు దాకా టేపుతో కొలవండి. హెల్మెట్, జాకెట్‌తో మీరు ఎక్కి కూర్చున్నాక, ఒకరు బండి పట్టుకుని ఇంకొకరు మళ్లీ కొలవాలి. ఈ రెండు కొలతల తేడా 30 నుంచి 35 మిల్లీమీటర్లు ఉండాలి. ముందు ఫోర్కుకైతే కింద మెరిసే గొట్టానికి జిప్ టై కట్టి చూడొచ్చు. మీ వెనక షాక్‌లో పది పదిహేను కూడా దిగడం లేదని నా అనుమానం.

కోయంబత్తూరు తెలుగోడు
అసలు మీది వాబులా వీవా? ఇది తేలకుండా మాట్లాడుకుంటే లాభం లేదు. హ్యాండిల్ మాత్రమే సెకనుకు ఆరు నుంచి పది సార్లు కొట్టుకుంటే వాబుల్, డ్యాంపర్ దాన్ని అణుస్తుంది. బండి మొత్తం, వెనక భాగంతో సహా, సెకనుకు రెండు నుంచి నాలుగు సార్లు పాములా ఊగితే వీవ్. అది స్పీడ్ పెరిగేకొద్దీ వస్తుంది. డ్యాంపర్ బిగిస్తే వీవ్ తగ్గకపోగా పెరగొచ్చు. మా కోయంబత్తూరు కరీ రేస్ ట్రాక్‌లో స్ట్రెయిట్ చివర బండి ఊగుతోందని డ్యాంపర్ బిగించుకుంటూ పోయి, ఇంకా భయపడినవాళ్లను చూశాను.

కోదాడ కుర్రాడు
రెండూ ఊగడమే కదా బ్రో, పేర్లతో పనేముంది?

కోయంబత్తూరు తెలుగోడు
పేరు మీ ఇష్టం. మందు మాత్రం ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు. 80, 90 దగ్గర, థ్రాటిల్ మూస్తే, హ్యాండిల్ మాత్రమే అంటున్నారు కాబట్టి ఇది వాబుల్. ముందు టైరు, బ్యాలెన్సింగ్, కోన్‌సెట్, బండి వాలు, వీటిలోనే ఉంది.

పాత పానా
వాలు అన్నావు కాబట్టి అడుగుతున్నా. నల్లబండి తమ్ముడూ, కొత్త షాక్ పాతదాని పొడవేనా? పై టీ మీద ఫోర్కు గొట్టాలు ఎంత పైకి వచ్చి ఉన్నాయి?

నల్లబండి
షాక్ పెట్టె మీద ప్లస్ 8 అని ఉంది అన్నా. ఫోర్కులు కొత్త క్లిప్‌ఆన్‌లు (ఫోర్కు గొట్టాలకే బిగించే హ్యాండిళ్లు) వేసేటప్పుడు పైకి లాగారు, టర్నింగ్ షార్ప్‌గా వస్తుందన్నారు. ఇప్పుడే స్కేలు పెట్టాను, మునుపటికంటే 10 మిల్లీమీటర్లు ఎక్కువ. ఇవి అందరూ చేయించేవే కదా, అందుకే రాయలేదు.

బెజవాడ 390
అదీ సంగతి. ఫోర్కు గొట్టాలను మళ్లీ కిందికి దించు.

కోయంబత్తూరు తెలుగోడు
లెక్క చూడండి. ఆ బండి వీల్‌బేస్ (రెండు చక్రాల మధ్య దూరం) 1340 మిల్లీమీటర్లు, హెడ్ యాంగిల్ 66.5 డిగ్రీలు, అంటే రేక్ (నిలువు గీత నుంచి స్టీరింగ్ వాలు) 23.5. గొట్టాలు పైకి లాగడంతో బండి ముందు భాగం పది దిగింది. వెనక షాక్ 8 పొడవు పెరిగితే చక్రం దగ్గర దానికి రెట్టింపు పైనే వస్తుంది, ఎందుకంటే షాక్ స్వింగ్‌ఆర్మ్ మధ్యలో పట్టుకుని ఉంటుంది. ముందూ వెనకా కలిపి పాతిక మిల్లీమీటర్ల తేడా. 1340కి 23 మిల్లీమీటర్లంటే ఒక డిగ్రీ. పైగా ప్రీలోడ్ ఫుల్, కాబట్టి మీరు ఎక్కినా వెనక దిగడం లేదు. రేక్ 22.5 కంటే కిందికి పోయింది, ట్రెయిల్ (స్టీరింగ్ గీత నేలను తాకే చోటుకూ టైరు తాకే చోటుకూ మధ్య దూరం) ఐదారు మిల్లీమీటర్లు తగ్గింది. హ్యాండిల్‌ను తనంతట తాను నిటారుగా నిలబెట్టేదే ట్రెయిల్. కంపెనీవాళ్లు ఆ బండిని ముందే చురుగ్గా తిరిగేలా చేసి ఇచ్చారు, ఇంకా చురుకు చేస్తే ఇలాగే ఉంటుంది.

ఖమ్మం రైడర్
అన్నట్టు 90లో టెస్టు ఎక్కడ చేశారు? హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద అయితే టూవీలర్లకు అనుమతే లేదు. 158 కిలోమీటర్ల రోడ్డులో ఎక్కడా లేదు.

నల్లబండి
సర్వీస్ రోడ్డు మీద సార్.

ఖమ్మం రైడర్
సర్వీస్ రోడ్డు మీద 90 ఏంటండీ? కుక్కలు, రాంగ్ రూట్ ఆటోలు, లారీలు ఆపి ఉంటాయి.

కోదాడ కుర్రాడు
మెయిన్ రోడ్డు మీద రానివ్వరు, సర్వీస్ రోడ్డు మీద వద్దంటారు. మరి ఎక్కడ నడపాలి సార్? టోల్ కట్టమంటే కడతాం కదా.

ఖమ్మం రైడర్
అది వేరే చర్చ. 390తో 60లో కూడా వెళ్లొచ్చు.

పాత పానా
ఆ గొడవ ఇక్కడ వద్దు, కుర్రాడి బండి సంగతి చూద్దాం. తమ్ముడూ, మళ్లీ వణుకు వస్తే హ్యాండిల్‌ను బిగపట్టకు, ముందు బ్రేకు గట్టిగా నొక్కకు. మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని, ఒంటిని కొంచెం ముందుకు వాల్చి, థ్రాటిల్ మెల్లగా తగ్గించు. చేతులు వదిలి పరీక్షలు అసలే చేయకు.

ఫోర్కులు దించేటప్పుడు బండిని గట్టిగా నిలబెట్టి, ఒక్కో వైపే వదులు చెయ్. కంపెనీ నుంచి వచ్చినప్పుడున్న ఎత్తుకు పెట్టు. టీ బోల్టులు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే, టార్క్ రెంచ్‌తోనే. నీవి తలకిందుల ఫోర్కులు, బయటి గొట్టం పైన ఉంటుంది. దాన్ని చేతిబలం కొద్దీ బిగిస్తే గొట్టం నొక్కుకుని లోపలిది పట్టేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన సస్పెన్షన్ పెట్టినా చిన్న గుంటకు కదలదు. డ్యాంపర్ క్లాంపుకూ ఇదే వర్తిస్తుంది.

షాక్ పొడవు అడ్జస్ట్‌మెంట్ ఉంటే పాతదానికి సమానం చెయ్, లేకపోతే పాత షాకే పెట్టు. సాగ్ ఆయన చెప్పినట్టు కొలువు. గాలి సరిచెయ్, వీల్ బ్యాలెన్స్ చేయించు. డ్యాంపర్ లేకుండా బండి నిటారుగా వెళ్లిన రోజు డ్యాంపర్ మళ్లీ పెట్టు.

పెట్టేటప్పుడు హ్యాండిల్ నిటారుగా ఉంటే రాడ్ సరిగ్గా మధ్యలో ఉండాలి. ఆ చివర ఈ చివర ఫుల్‌గా తిప్పి చూడు, ఫ్రేము మీద ఉన్న స్టాపర్ ముందు తగలాలి, రాడ్‌లో ఇంకా మూడు నాలుగు మిల్లీమీటర్లు మిగలాలి. డ్యాంపరే ఆపుతుంటే ఏదో ఒక యూ టర్న్‌లో రాడ్ వంగుతుంది, హ్యాండిల్ ఇరుక్కుంటుంది. ఇక క్లిక్‌లు: పూర్తిగా లూజ్ చేసి మొదలుపెట్టు. చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ను వేలితో తోస్తే తనంతట తాను చివరిదాకా మెల్లగా పోవాలి. మధ్యలో ఆగిపోతే ఎక్కువైనట్టు. ఒక్కో కంపెనీ క్లిక్ ఒక్కోలా ఉంటుంది, అందుకే నంబరు చెప్పడం లేదు.

ఆయిల్ సీల్
ట్రాక్ డే లోపు ఫోర్క్ ఆయిల్ కూడా మార్చేయండి. 2018 ఆయిల్ ఇంకా లోపల ఉంటే సీసాలోకి తీసి చూడండి, రంగే చెబుతుంది.

బెజవాడ 390
ఫొటో ఏది?

నల్లబండి
ఫోర్కులు దించాను. పాత షాక్ పెట్టాను. డ్యాంపర్ తీసేస్తే మధ్యలో గుంట తగులుతోంది అన్నా, మీరు చెప్పినట్టే. కోన్‌సెట్ ఆర్డర్ పెట్టాను, వచ్చాక బిగిస్తాను. వణుకు బాగా తగ్గింది, థాంక్స్ అందరికీ.

కోదాడ కుర్రాడు
మీలో ఎవరైనా చెప్పండి, నాదీ 390యే. షాపులో 43 మిల్లీమీటర్ల డ్యాంపర్ క్లాంపు ఉందన్నారు. ఫోర్కు 43 కదా, సరిపోతుందా?

బెజవాడ 390
43 అనేది కింది గొట్టం. క్లాంపు పట్టేది పై గొట్టాన్ని. వెర్నియర్‌తో కొలిచి కొను.