సమస్య: దినము గడవలేదు తీరె నేడు

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. విషయం సూర్యుడు, గ్రహాలు. జాతకాలు వద్దు, ఖగోళం చాలు. చివరి మాటలో చిన్న మెలిక ఉంది. తీరెన్ + ఏఁడు అని విడగొడితే సంవత్సరం, అలాగే ఉంచితే ఇవాళ. అంకె ఏడుకు అరసున్న (ఁ) లేదు కనక దాన్ని లాక్కురావద్దు. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) ది–తీ.

గోదారి గట్టు:
శుక్రు డినునిఁ జుట్టి సుళువుగా వచ్చును
తనదు చుట్టు తాను తడవు తిరుగు
పడమట నుదయించు భాస్కరుం డచ్చట
దినము గడవలేదు తీరె నేడు

సూర్యుణ్ణి చుట్టి రావడానికి శుక్రుడికి మన లెక్కలో 225 రోజులు. తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 243.

లెక్కల పంతులు:
ధార బాగుంది. "తడవు తిరుగు" అని రెండు ముక్కల్లో ఆ నత్తనడక చెప్పేశారు. కానీ మూడో పాదంలో కూర్చున్న కొమ్మనే నరుక్కున్నారండీ. శుక్రుడు తనలో తాను తిరిగేది ఎదురు దిక్కుకి. పడమట పొద్దు పొడిచేది అందుకే. అదే కారణాన పొద్దు తొందరగా తిరిగొస్తుంది కూడా: ఒక ఉదయం నుంచి ఇంకో ఉదయానికి దాదాపు 117 రోజులే. అంటే ఏడాదిలో ఇంచుమించు రెండు దినాలు. దినమంటే భ్రమణం అనుకుంటే పూరణ నిలుస్తుంది. సూర్యోదయం మాట ఎత్తాక ఆ దారి మూసుకుపోయింది.

గోదారి గట్టు:
పడమటి పొద్దు మీద మోజుతో పెట్టాను మాస్టారూ. దొరికిపోయాను.

నెలాఖరు:
జీత మొచ్చె నయ్య చేతికి నుదయాన
అద్దె పాలు ఫీజు లప్పు లనుచు
బ్యాంకులోన నున్న బాకీకి సరిపోయె
దినము గడవలేదు తీరె నేడు

నిర్వాహకుడు:
నవ్వాగలేదు. "నేడు"ను ఇవాళగా వాడింది మీరొక్కరే. యతులు కూడా కుదిరాయి, "ఫీజు లప్పు"లో అకారానికి చెల్లింది. కానీ గ్రహమేదండీ?

నెలాఖరు:
మా ఇంటికి ఈఎంఐ అని ఒకటుంది. ఏడాది పొడుగునా వక్రగతే.

కొత్త కలం:
నేను "యురేనస్సు మీద" అని మొదలుపెట్టి గంట సేపు కొట్టుకున్నాను, గణాలు (అక్షరాల గుంపులు) పడటం లేదు. అక్కడ ధ్రువం దగ్గర 42 ఏళ్లు పగలు, 42 ఏళ్లు రాత్రి కదా, సమస్యకు సరిపోతుందనుకున్నా.

లెక్కల పంతులు:
"యురే" అంటే లఘువు (పొట్టి అక్షరం), వెంటనే గురువు (పొడుగు అక్షరం). ఆటవెలది పాదం అలా మొదలవదు. మొదట పడే సూర్యగణం హగణమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు) కావాలి. ముందు గణం చివరి లఘువుగా "యు"ను దాచేయండి: బేసి పాదంలో మూడు, నాలుగు గణాలుగా "మనయు", "రేనస్సు"... అలాగన్నమాట. అయితే భావంలోనే చిక్కుంది. ఆ గ్రహం అక్షం 98 డిగ్రీలు ఒరిగింది, సూర్యుణ్ణి చుట్టడానికి 84 ఏళ్లు. ధ్రువం మీద నిలబడితే దినమూ ఏడూ ఒకేసారి తీరతాయి. మన భూమి ధ్రువాల మీదా అంతే, కాకపోతే ఆరేసి నెలలు. ఒకటి మిగిలి ఒకటి తీరితేనే కదా సమస్య!

చుక్కల పిచ్చి:
అయితే బుధుడే గతి.

బుధుని నేల మీద పొరపాటు లేదండి
పొద్దు పొడిచి మరల పొడుచులోగ
రెండు చుట్లు తిరిగె రేబవ లొకటిలో
దినము గడవలేదు తీరె నేడు

బుధుడికి ఏడాది 88 రోజులు, భ్రమణం సుమారు 59. రెండేళ్లలో సరిగ్గా మూడు భ్రమణాలు. కానీ ఉదయం నుంచి ఉదయానికి 176 రోజులు, అంటే రెండు బుధ సంవత్సరాలు. 1965లో పోర్టో రికోలోని అరెసిబో రాడార్ పట్టేదాకా, బుధుడు ఒకే మొహం సూర్యుడికి చూపిస్తాడనే అనుకున్నారు.

నిర్వాహకుడు:
నేను సమస్య ఇచ్చింది శుక్రుణ్ణి మనసులో పెట్టుకునే. అసలు జవాబు బుధుడని ఇప్పుడు తెలిసింది. "పొరపాటు లేదండి" మాత్రం గణాలు నింపడానికి వేసిన మట్టి. "బుధుని నేల మీద బుద్ధిగా నిలుచుండ" అంటే ఎలా ఉంటుంది?

చుక్కల పిచ్చి:
పగలు 430 డిగ్రీలు, రాత్రి మైనస్ 180. బుద్ధున్నవాడెవడూ నిలుచోడు గాని, పాదం బాగుంది, తీసుకుంటున్నా.

లెక్కల పంతులు:
ఒక్క పేచీ. సూర్యుడికి బాగా దగ్గరైనప్పుడు బుధుడి పరుగు భ్రమణాన్ని మించిపోతుంది. అప్పుడు ఆకాశంలో సూర్యుడు ఆగి, కొన్ని రోజులు వెనక్కి నడుస్తాడు. కొన్ని చోట్ల పొద్దు పొడిచి, మళ్లీ కుంగి, మళ్లీ పొడుస్తుంది. అక్కడ "మరల పొడుచులోగ" అంటే ఏడు తీరే దాకా ఆగక్కర్లేదు.

చుక్కల పిచ్చి:
ఆ చోట్లు మీరే ఉంచుకోండి మాస్టారూ. నేను కొంచెం పక్కకి జరిగి నిలుచుంటాను.