పాత సీ కాయక్: ఒంటికి సరిపోయేది కొనాలా, దెబ్బల్లేనిది కొనాలా?

బరంపురం తెడ్డు:
నమస్తే అందరికీ. ఇన్నాళ్ళూ చిలికా సరస్సులో రంభ వైపు ఫ్రెండ్ సీ కాయక్ (సముద్రంలో తెడ్డేసుకుంటూ వెళ్ళే సన్నటి పడవ) అరువు తీసుకుని తిరిగాను, ఇక నాకంటూ ఒకటి కావాలి. సెకండ్‌హ్యాండ్‌లో రెండు దొరికాయి, రేటు దాదాపు ఒకటే. ఒకటి ఫైబర్, 17 అడుగులు, వెడల్పు 22 అంగుళాలు. కూచుంటే కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాలా ఉంది, కానీ అడుగున జెల్‌కోట్ (పైపూత) అరిగిపోయి లోపలి గాజునార మ్యాట్ కనబడతా ఉంది, వెనక బల్క్‌హెడ్ (లోపలి అడ్డుగోడ) పక్కన బొటనవేలితో నొక్కితే అరచెయ్యంత మేర మెత్తగా లోపలికెళ్తోంది. రెండోది ప్లాస్టిక్, 24 అంగుళాలు, గీత కూడా లేదు, కానీ తుంటికి అటూ ఇటూ నాలుగేసి వేళ్ళు దూరుతున్నాయి. నేను 5 అడుగుల 4 అంగుళాలు, 58 కిలోలు. ఏది తీసుకోమంటారు?

గోపాల్‌పూర్ గట్టు:
ప్లాస్టిక్కే తీసుకో తమ్ముడూ. వదులైతే ఫోమ్ అంటించి నింపుకోవచ్చు, మెత్తబడ్డ ఫైబర్‌ని నమ్ముకుని మా ఒడ్డున అలల్లోకి దిగుతావేటి?

సోనపురం మొగ:
అన్నా నేను అలాగే అనుకుని పెద్దది కొని ఏడాది ఏడ్చాను. తుంటి దగ్గర ఫోమ్ పెట్టా, బాగానే బిగిసింది, కానీ డెక్ (పడవ పైకప్పు) ఎత్తు తగ్గదు కదా, మోకాళ్ళు పైకి ఆనవు, తెడ్డేసినప్పుడల్లా చేతులు అంచుకి కొట్టుకునేవి. తేలిక మనిషికి పెద్ద పడవ నీళ్ళలో దిగదు, పైపైనే తేలుతుంది, మధ్యాహ్నం గాలి లేచిందంటే ముక్కు గాలివైపే తిరిగిపోయేది. చివరికి హ్యాచ్‌ల్లో (సామాను అరల్లో) బరువు కోసం నీళ్ళ డబ్బాలు మోసుకుంటూ తిరిగా. ఫైబర్‌కైతే మన ఒడ్డున వేటబోట్లకి మ్యాట్, రెజిన్ (గట్టిపడే జిగురు) వేసేవాళ్ళు ఉన్నారు. ఒక్కటి మాత్రం ముందే చెప్పు, బోటుకి వేసినట్టు నాలుగు పొరలు వేశారంటే కాయక్ కాదు రోలు అవుతుంది. ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి, రెండ్రోజులు ఆరబెట్టి, లోపలివైపు గీకి, రెండు పొరలు చాలు. మన ఎండకి రెజిన్ గిన్నెలోనే గడ్డకట్టేస్తుంది, పొద్దున్నే కొంచెం కొంచెం కలుపుకోమను. ప్లాస్టిక్ పగిలితే రెజిన్ అంటదు, వెల్డింగే గతి.

గోపాల్‌పూర్ గట్టు:
నీ గాలి మాట ఒప్పుకుంటా. కానీ ఆ మెత్తదనం పైపై గీత కాదు, పొరలు విడిపోయి ఉండొచ్చు. నాణెంతో తట్టి చూడమను, గట్టి చోట టక్కుమంటుంది, విడిపోయిన చోట మొద్దుగా పలుకుతుంది. వెనక అరలో బకెట్ నీళ్ళు పోసి ముందుకి వంచితే బల్క్‌హెడ్ కారుతుందో లేదో తెలిసిపోతుంది. ఇంకోటి, అంత బిగుతైతే బోల్తా పడ్డప్పుడు బయటికి రాగలడా? మనిషిని పక్కన పెట్టుకుని నడుంలోతు చెరువులో తిరగేసి చూసుకోవాలి, సముద్రంలో కాదు.

బరంపురం తెడ్డు:
మళ్ళీ వెళ్ళొచ్చాను. ఫైబర్‌దాంట్లో అరగంట కదలకుండా కూచున్నా, ఇరవై నిమిషాలకే కాళ్ళు తిమ్మిరెక్కాయి, కొంప మునిగిందనుకున్నా. తువ్వాలు చుట్టి తొడల కింద పెట్టి, ఫుట్‌పెగ్ (పాదం ఆనించేది) ఒక గాటు ముందుకి జరిపితే పోయింది, అంటే తప్పు సీటుదే. నాణెం దెబ్బకి మొద్దుగా పలికింది రెండు అరచేతుల వెడల్పే. నీళ్ళు పోశాం, బల్క్‌హెడ్ అంచులో ఒకచోట చుక్కచుక్కగా కారింది. రిపేరు ఖర్చు తగ్గించి అడిగా, ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. అడ్వాన్స్ ఇచ్చేశా.

సోనపురం మొగ:
శభాష్.

గోపాల్‌పూర్ గట్టు:
అడ్వాన్స్ ఇచ్చావు సరే, స్కెగ్ (వెనక అడుగున దించే రెక్క) దించి చూశావా? దాని వైరు తుప్పు పడితే సగంలో ఇరుక్కుంటుంది.

బరంపురం తెడ్డు:
చూళ్ళేదన్నా 😬 రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్తా.