ఆసియా క్రీడల ఫుట్‌బాల్: కుర్రాళ్ల జట్టులో ముగ్గురు పెద్దవాళ్లు ఎందుకు?

కొర్లగుంట నాన్న
2026 సెప్టెంబరు 19న జపాన్‌లోని ఐచీ-నగోయాలో ఆసియా క్రీడల ప్రారంభం. మగవాళ్ల ఫుట్‌బాల్ 2002 బుసాన్ నుంచి 23 ఏళ్ల లోపు వాళ్లకే. అయితే నిబంధనలోనే ఒక సందు పెట్టారు. వయసు దాటినవాళ్లను ముగ్గురిని తీసుకోవచ్చు. మన జట్టు విషయం ఎప్పుడు వచ్చినా గొడవంతా ఆ ముగ్గురి దగ్గరే. నా మాట ఏమిటంటే ఆ మూడు చోట్లూ కుర్రాళ్లకే ఇవ్వాలి. 2023లో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడలకి 39 ఏళ్ల మన కెప్టెన్ సునీల్ ఛెత్రీని తీసుకెళ్లారు. ఆయన ఆట మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆయన అప్పటికే నేర్చుకోవాల్సింది ఏముంది? అదే చోట ఒక ఇరవై ఏళ్ల ఫార్వర్డ్‌ని ఆడించి ఉంటే, వాడికి చైనా, సౌదీ డిఫెండర్ల ముందు ఆడిన అనుభవం వచ్చేది. తిరుపతి, చిత్తూరు వైపు ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ, ఉన్నవాళ్లు చెప్పండి.

చిత్తూరు మామిడి
ఇంతకీ మనోళ్లను పంపుతారా అన్నది ముందు అడగాలి కదన్నా. 2018లో జకార్తాకి పంపనే లేదు.

పాత స్టాపర్
నాన్న గారూ, మీరు టీవీలో స్కోరు చూసి మాట్లాడుతున్నారు. హాంగ్‌జౌలో మన ఫలితాలు ఒకసారి వరసగా చదవండి. చైనా చేతిలో 1-5. బంగ్లాదేశ్ మీద 1-0. మయన్మార్‌తో 1-1. ప్రీ క్వార్టర్స్‌లో సౌదీ చేతిలో 0-2. మొత్తం మూడు గోల్స్ కొట్టాం. అందులో రెండు ఛెత్రీవి, రెండూ పెనాల్టీలే. బంగ్లాదేశ్ మ్యాచ్‌లో పెనాల్టీ 85వ నిమిషంలో వచ్చింది. అప్పటికి 0-0. ఆ బంతి దగ్గరికి వెళ్లి నిలబడటానికి ఇరవై ఏళ్లవాడికి కాళ్లు వణకవా? వాడు పైకి కొట్టుంటే గ్రూపులోనే ఇంటికొచ్చేవాళ్లం. అప్పుడు మీరు చెప్పే ఆ సౌదీ డిఫెండర్ల ముందు ఆడే అనుభవం ఎవడికీ రాదు. పెద్దవాడు ఉన్నాడు కాబట్టే కుర్రాళ్లకు నాలుగో మ్యాచ్ దొరికింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా పీఈటీగా చేసినవాణ్ణి. పెనాల్టీ కొట్టేటప్పుడు పిల్లల ముఖాలు చూశాను.

రేణిగుంట రాంబాణం
చిన్న సవరణ. హాంగ్‌జౌలో 23 కాదు, 24. కోవిడ్ వల్ల క్రీడలు ఏడాది వెనక్కి పోయాయని వయసు కూడా ఏడాది పెంచారు. 1999 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు అవకాశం.

కొర్లగుంట నాన్న
రాంబాణం గారూ, సరే, 24. దానివల్ల నా మాట మారదు.

స్టాపర్ గారూ, జపాన్‌ని చూడండి. 2018లో వాళ్లు పంపింది 21 ఏళ్ల లోపు జట్టు. నిబంధన 23 అయినా రెండేళ్లు తగ్గించుకుని మరీ వెళ్లారు. ఫైనల్ దాకా వచ్చారు. 2023లో కాలేజీలో చదువుకుంటున్న ఆటగాళ్లు చాలామంది ఉన్న జట్టుతో వచ్చి మళ్లీ ఫైనల్ ఆడారు. పెద్దవాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లకు పెనాల్టీ అంటే కాళ్లు వణకలేదా?

పాత స్టాపర్
ఆ రెండు ఫైనల్స్‌లోనూ గెలిచిందెవరో కూడా రాయండి. దక్షిణ కొరియా. రెండుసార్లూ 2-1. 2018లో వాళ్ల ముగ్గురు పెద్దవాళ్లలో సన్ హ్యూంగ్-మిన్ ఒకడు. స్వర్ణం గెలిస్తే సైన్యంలో పూర్తికాలం పనిచేయడం నుంచి మినహాయింపు ఉంటుందని ప్రాణం పెట్టి ఆడారు. మీరు తెచ్చిన ఉదాహరణ నా వైపే ఉంది.

కొర్లగుంట నాన్న
రజతం గెలిచి కుర్రాళ్లనీ తయారు చేసుకున్న జపాన్ ఓడినట్టా? మనకి 1970 బ్యాంకాక్‌లో కాంస్యం తర్వాత ఈ ఆటలో పతకమే లేదు. మనం కొరియాతో పోల్చుకుని మాట్లాడటం ఏమిటి సార్.

పుత్తూరు వింగర్
అందరూ "ఆసియా క్రీడల ఫుట్‌బాల్" అంటున్నారు. ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కి వయసు హద్దు లేదు, అది సీనియర్ జట్టే. హాంగ్‌జౌలో మన అమ్మాయిలు చైనీస్ తైపీ చేతిలో 1-2, థాయ్‌లాండ్ చేతిలో 0-1. అంటే రెండూ ఒక్క గోల్ తేడా. ఈ చర్చలో ఆ ముక్క ఒక్కరికీ గుర్తు రాలేదు.

రేణిగుంట రాంబాణం
అక్కా, టైటిల్లో "కుర్రాళ్ల జట్టు" అని ఉంది కదా.

పుత్తూరు వింగర్
ఉంది. అదే నా బాధ.

పాత స్టాపర్
వింగర్ అమ్మా, నీ మాట నిజమే, దానికి వేరే చర్చ కావాలి. ఇక్కడ నాన్న గారికి ఇంకో సంగతి చెప్పాలి. హాంగ్‌జౌకి ఎవర్ని తీసుకెళ్లాలో కోచ్ స్టిమాచ్ కూర్చుని హాయిగా ఎంచుకున్నాడనుకుంటున్నారు. ఆసియా క్రీడలు ఫిఫా కేలండర్లో లేవు. క్లబ్బులు ఆటగాళ్లను వదలాల్సిన పని లేదు. సరిగ్గా అదే వారం మన క్లబ్బుల లీగ్ ఐఎస్ఎల్ మొదలైంది. క్లబ్బులు వదలం అన్నాయి. బతిమాలి, బేరమాడి చివరికి దొరికినవాళ్లతో వెళ్లారు. ముందు రోజు సాయంత్రానికి దిగి, మర్నాడు ఆతిథ్య చైనాతో మ్యాచ్. అయినా హాఫ్ టైమ్‌కి 1-1. గోల్‌కీపర్ గుర్మీత్ పెనాల్టీ ఆపాడు, రాహుల్ కేపీ చక్కటి గోల్ కొట్టాడు. రెండో సగంలో కాళ్లు ఆగిపోయాయి, నాలుగు పడ్డాయి. నిద్ర లేదు, ప్రాక్టీసు లేదు. అలాంటి జట్టులో సీనియర్ ఒకడు ఉండి "ఏం కాదురా" అనకపోతే ఐదు కాదు, పది పడేవి.

కొర్లగుంట నాన్న
క్లబ్బులు వదలకపోవడం తప్పు. దానికి మందు 39 ఏళ్ల మనిషా?

చిత్తూరు మామిడి
నిజం చెప్పండి, మా చిత్తూరు మెసానికల్ గ్రౌండ్‌లో సాయంత్రం పోయి చూస్తే పది క్రికెట్ మ్యాచులు ఒకదానిమీద ఒకటి నడుస్తుంటాయి. ఫుట్‌బాల్ ఎవరాడుతున్నారని ఈ గోల?

పాత స్టాపర్
మామిడీ, నీకు తెలీదు. ఒకప్పుడు దేశం జట్టంటే సగం హైదరాబాదే. 1951 ఢిల్లీలో, 1962 జకార్తాలో రెండు స్వర్ణాలూ తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ బడిపంతులు. 1962 ఫైనల్ నాటికి ఆయనకు క్యాన్సర్. మర్నాటి ఏడాదే పోయాడు. తలకు కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డ్‌గా పంపాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. కొరియా మీద 2-1. జకార్తా జనం మొత్తం మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. ఆ గోల్స్ కొట్టిన ఇద్దరికీ వయసు ఇరవై ఆరు. నాన్న గారి నిబంధన ఉంటే ఇద్దరూ ఇంట్లోనే ఉండేవాళ్లు.

రేణిగుంట రాంబాణం
ఇప్పుడు నా 24 పనికొచ్చింది చూడండి! ఆ జట్టు కెప్టెన్ చునీ గోస్వామి 1938 జనవరిలో పుట్టాడు. 23 లెక్కేస్తే ఆయన పెద్దవాడు. హాంగ్‌జౌ లెక్క 24 వేస్తే కుర్రాడు. అంటే పీకే, జర్నైల్, చునీ ముగ్గురితో పెద్దవాళ్ల కోటా నిండుతుందా, ఇంకో చోటు మిగులుతుందా?

కొర్లగుంట నాన్న
రాంబాణం గారూ, దయచేసి.

స్టాపర్ గారూ, 1962లో వయసు హద్దే లేదు. అది సీనియర్ జట్టు. ఒలింపిక్స్‌లో 1992 నుంచి 23 పెట్టారు, ఎందుకంటే ప్రపంచ కప్‌కి పోటీ కాకూడదని. ఆసియా క్రీడలు తర్వాత ఆ దారి పట్టాయి. హద్దు పెట్టాక అది కుర్రాళ్ల వేదిక. అదే రహీం గారు 1956 మెల్‌బోర్న్‌కి తులసీదాస్ బలరామ్‌ని తీసుకెళ్లినప్పుడు బలరామ్ వయసు ఇరవై. మన సికింద్రాబాద్ కుర్రాడు. ఆ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. దాన్ని మీరు వదిలేశారు.

పాత స్టాపర్
బలరామ్ పక్కన ఎవరు ఆడారో మీరూ వదిలేశారు. ఇంట్లో కూర్చుని యాప్‌లో స్కోర్లు చూసే నాన్నలంతా ఇప్పుడు కోచ్‌లే. ఒక్కసారి గ్రౌండ్‌లో పదహారు మంది పిల్లల్ని పెట్టుకుని ఓడిపోయి బస్సెక్కి రండి, అప్పుడు మాట్లాడదాం.

కొర్లగుంట నాన్న
ఇంట్లో కూర్చునే నాన్నా? చెబుతాను వినండి.

మావాడు స్టాపర్ బ్యాకే, అంటే గోల్ ముందు మధ్యలో కాపు కాసే డిఫెండర్. మీరు ఆడిన చోటే. ఈ ఊళ్లోనే పదిహేడేళ్ల లోపు సెలక్షన్‌కి వెళ్లాడు. వాడి చోట ఆడినవాడికి గెడ్డం గీసుకున్న మచ్చలు కనబడుతున్నాయి. పుట్టిన తేదీ సర్టిఫికెట్ మొన్న మొన్న తీయించింది. అడిగితే అక్కడున్న ఒక పెద్దమనిషి ఏమన్నాడో తెలుసా? "మీవాడికి ఇంకా టైముంది కదా సార్, ఈసారి గెలవాలి." అంతే. మావాడికి ఆ టైము రాలేదు. మరుసటి ఏడు వాడే వయసు దాటిపోయాడు, బూట్లు చుట్టాలబ్బాయికి ఇచ్చేశాడు. మీరు పైన రాసిన ప్రతి ముక్కలోనూ నాకు ఆ మనిషి గొంతే వినబడుతోంది. "ఈసారి గెలవాలి."

పుత్తూరు వింగర్
మణికట్టుకు ఎక్స్‌రే తీయించలేదా అంకుల్? జాతీయ స్థాయి పోటీల్లో అది పెట్టారు. ఎముక వయసు కచ్చితంగా చెప్పదు, తిండిని బట్టి, శరీరాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. అయినా గెడ్డం కేసులు మాత్రం దొరుకుతాయి.

కొర్లగుంట నాన్న
ఆ స్థాయికి వెళ్తే కదమ్మా ఎక్స్‌రే. కింద సర్టిఫికెట్టే దేవుడు.

పాత స్టాపర్
సార్, మీ అబ్బాయి విషయంలో జరిగింది అన్యాయం. అలాంటి కాగితం మీద నేనెన్నడూ సంతకం పెట్టలేదు, పెట్టనందుకు మాటలు పడ్డాను. కానీ పెట్టినవాళ్లు ఎందుకు పెడతారో నాకు తెలుసు, చెబుతాను.

మా బడికి మంచి గ్రౌండ్ ఉండేది. బ్రహ్మోత్సవాలప్పుడు పది రోజులు బస్సులు నిలుపుకోవడానికి అడిగేవాళ్లు, ఇచ్చేవాళ్లం. జట్టు కప్పులు తెస్తున్నన్నాళ్లు పదకొండో రోజు బస్సులు పోయేవి. పాత పిల్లలు వెళ్లిపోయి, కొత్త పిల్లల్ని ఎనిమిదో తరగతి నుంచి పెంచుదామని మొదలెట్టాను. ఓడిపోయాం. మళ్లీ ఓడిపోయాం. "మీరెలాగూ గెలవట్లేదు కదండీ" అన్నారు పైవాళ్లు. బస్సులు పోలేదు. గోల్ పోస్టులు పీకి, కంకర పోశారు. ఓపిక పట్టమని నేను అడిగింది వాళ్లను. వాళ్లకు కనబడింది మాత్రం ఖాళీగా ఉన్న బీరువా.

ఢిల్లీలోనూ అంతే. ఆసియాలో మొదటి ఎనిమిది స్థానాల్లో లేకపోతే జట్టుగా ఆడే ఆటకు పంపం అన్నారు. 2018లో మనం ఆసియాలో పద్నాలుగో స్థానం, ఆగిపోయాం. 2023లోనూ ముందు కాదన్నారు. స్టిమాచ్ ప్రధానికే బహిరంగంగా విజ్ఞప్తి చేశాక, జూలై చివర్లో నిబంధన సడలించారు. గ్రూపు దాటకుండా వచ్చుంటే తర్వాతి సారి ఆ సడలింపు ఎవరిస్తారు?

కొర్లగుంట నాన్న
అంటే మీరు పెద్దవాళ్లను అడుగుతున్నది పెనాల్టీల కోసం కాదు. గ్రౌండ్ పోకుండా.

పాత స్టాపర్
మొదటి నుంచీ అదే చెబుతున్నాను.

కొర్లగుంట నాన్న
ఎక్కడ చెప్పారు సార్? పైనంతా 85వ నిమిషం, జర్నైల్ తల కుట్లు.

రేణిగుంట రాంబాణం
నేను సాక్షిని. చెప్పలేదు.

కొర్లగుంట నాన్న
సరే, ఇప్పుడు చెప్పారు కాబట్టి ఇప్పుడు జవాబు. ఎనిమిదో స్థానం నిబంధన ఉన్నంత కాలం ఏ కోచ్ అయినా పెద్దవాళ్లనే తీసుకుంటాడు. కోచ్‌ది తప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ మీరు ఆ నిబంధనను తిట్టడం లేదు, దానికి తగ్గట్టు ఆడదాం అంటున్నారు. సర్టిఫికెట్ మార్చినవాడు చేసిందీ అదే. వాడు దొంగతనంగా చేశాడు, ఇది చట్టప్రకారం. పక్కకు జరిగింది మాత్రం రెండు చోట్లా చిన్నవాడే. ఉజ్బెకిస్తాన్ హాంగ్‌జౌలో కాంస్యం తీసుకుంది. తర్వాత 2024 పారిస్ ఒలింపిక్స్, ఆ తర్వాత మొదటిసారి ప్రపంచ కప్‌కి అర్హత. కింది వయసు జట్లను ఏళ్ల తరబడి పెంచితే వచ్చింది అది.

పాత స్టాపర్
దొంగ సర్టిఫికెట్టునీ ఛెత్రీనీ ఒక గాటన కట్టకండి. అది నేను ఒప్పుకోను, ఎప్పటికీ. నిబంధన ఇచ్చిన చోటు వాడుకోవడం మోసం కాదు. ఇక ఉజ్బెకిస్తాన్ అంటారా, వాళ్లు ఓడిన ఏళ్లల్లో వాళ్ల గ్రౌండ్‌లో ఎవరూ కంకర పోయలేదు. మీరు పెంచండి పెంచండి అంటారు. ఆ ఓడే ఏళ్లకు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

కొర్లగుంట నాన్న
ఇప్పటిదాకా మావాడిలాంటి వాళ్లు పెట్టుకున్నారు సార్. ఇకమీదట ఢిల్లీలో వాళ్లు పెట్టుకోవాలి.

చిత్తూరు మామిడి
కంకర పోసిన గ్రౌండ్ ఏదో నాకు తెలిసినట్టుంది. మేం అక్కడే క్రికెట్ ఆడేవాళ్లం, మీ పిల్లలు తరిమేవాళ్లు.

నిర్వాహకులు
బడి పేర్లు, మనుషుల పేర్లు ఎవరూ రాయొద్దు. ఇప్పటిదాకా రాయలేదు, సంతోషం. అమ్మాయిల జట్టు మీద వేరే చర్చ తెరిచాను.

పుత్తూరు వింగర్
చూశాను. అక్కడ ఇంకా నేనొక్కదాన్నే ఉన్నాను. స్టాపర్ సార్, వేరే చర్చ కావాలన్నది మీరే, ముందు మీరు రండి.

పాత స్టాపర్
వస్తున్నానమ్మా. నాన్న గారికి ఇంకొక్క మాట రాసి వస్తాను.